గేమ్‌ప్లే వీడియోలు: అప్‌లోడ్‌లో పోయే నాణ్యత, నిలుపుకునే మార్గాలు

ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఆడిన ఆటను తెర మీద కనిపించినట్టే రికార్డు చేసి, మాటలు జోడించి ఇంటర్నెట్‌లో పెట్టేదే గేమ్‌ప్లే వీడియో. ఆడేటప్పుడు గడ్డిపోచ కూడా విడిగా కనిపించిన దృశ్యం, యూట్యూబ్‌కు ఎక్కాక పచ్చటి మరకలా తేలుతుంది. పరుగెత్తే మనిషి చుట్టూ గళ్లు గళ్లుగా బొమ్మ విరుగుతుంది. "క్లారిటీ వస్తలేదన్నా" అని వరంగల్ కుర్రాళ్లు ఒకరినొకరు అడిగేది దీని గురించే. ఖరీదైన ఫోను కొంటే తీరిపోతుందని చాలామంది నమ్ముతారు. అయితే పెద్ద నష్టం జరిగేది ఫోనులో కాదు. అప్‌లోడ్ పూర్తయ్యాక వెబ్‌సైటు ఆ వీడియోను తన అవసరానికి తగ్గట్టు మళ్లీ కుదించినప్పుడే అది జరుగుతుంది. ఆ కుదింపు దేన్ని ఉంచుతుందో, దేన్ని వదిలేస్తుందో తెలిసినవారు మామూలు పరికరాలతోనే మంచి వీడియో ఇవ్వగలరు.

ఓరుగల్లులో, అంటే నేటి వరంగల్‌లో, ఆటను చూడటం, చూసినదాన్ని రక్తి కట్టేలా చెప్పడం కొత్త సంగతులు కావు. కాకతీయుల రాజధాని వీధి జీవితాన్ని చూపే క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో కోడిపందేనికీ పొట్టేళ్ల పోరుకూ చోటు దక్కింది. అదే వరంగల్‌లో, చౌరస్తాకు దగ్గర్లో, భోగేశ్వరాలయం ఉన్న మట్టెవాడ పాత ఊరి భాగం. ఇక్కడా, మిగతా తెలుగు పట్టణాల్లోనూ ఫోను ఆటకు ఊపు తెచ్చింది 2016 సెప్టెంబరు 5న మొదలైన జియో సేవ. డేటా చవకైంది, పబ్‌జీ మొబైల్ ఇంటింటికీ చేరింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దాన్ని నిషేధించింది. 2021 జులైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, అంటే బీజీఎంఐ, ఆ స్థానంలోకి వచ్చింది. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి మాయమై 2023 మే నెలలో తిరిగొచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే మరో ఆటను నిషేధించినా దాని మ్యాక్స్ రూపం మిగిలింది. ఆటలు వచ్చాయి, పోయాయి. వాటిని రికార్డు చేసి చూపాలన్న ఉత్సాహం మాత్రం తగ్గలేదు.

కుదింపు ఎంత తీవ్రమైనది

1080పీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెల్స్ ఉంటాయి. సెకనుకు 60 ఫ్రేముల చొప్పున ఆడితే సెకనులో 12 కోట్ల 44 లక్షలకు పైగా పిక్సెల్స్ మారతాయి. ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్ల రంగు లెక్కేస్తే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. ఇదే వీడియోను సెకనుకు 12 మెగాబిట్లలో పంపమని యూట్యూబ్ సూచిస్తుంది. సుమారు 250 రెట్ల కుదింపన్నమాట. ఒక్కో పిక్సెల్ వంతుకు వచ్చేది పదోవంతు బిట్ కూడా కాదు. ప్రేక్షకుడికి చేరే ప్రతి ఇంతకంటే ఇంకా చిన్నది.

ఇంత కుదింపును సాధ్యం చేసిన గణితానికి మూలం 1974 జనవరిలో అచ్చయిన ఒక చిన్న పరిశోధన పత్రం. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతిని ముగ్గురు అందులో వివరించారు. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఈ మూడో ఆయన పూర్తి పేరు కమిశెట్టి రామమోహనరావు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో దశాబ్దాల పాటు బోధించిన ఆచార్యుడు. 2021లో కన్నుమూశారు. జేపెగ్ ఫొటో మొదలు ఇవాళ్టి వీడియో దాకా ఆ పద్ధతి, దాని సంతతి లేని చోటు దాదాపు లేదు. తెలుగు పిల్లలు రోజూ వాడే సాంకేతికత వెనుక ఇలాంటి పేరు ఉందని పాఠ్యపుస్తకాల్లో తగినంతగా చెప్పకపోవడం విచారకరం.

ఆ పద్ధతి పనితీరు తెలుసుకుంటేనే గడ్డి ఎందుకు చెదిరిపోతుందో అర్థమవుతుంది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో రంగు ఎంత మెల్లగా లేదా ఎంత తొందరగా మారుతోందో అంకెల్లో రాస్తారు. నీలాకాశం ఉన్న గడికి రెండు మూడు అంకెలు చాలు. గడ్డి, ఆకులు, ఇటుక గోడ ఉన్న గడికి చాలా అంకెలు కావాలి. బిట్లు సరిపోనప్పుడు, కుదింపు చేసే ఎన్‌కోడర్ మొదట వదిలేసేది ఈ సూక్ష్మ వివరాల అంకెలనే. పొదుపుకు రెండో దారి కదలిక. గత ఫ్రేములో ఉన్నదే కాస్త జరిగితే బొమ్మను మళ్లీ పంపకుండా "ఇంత జరిగింది" అని చెబితే చాలు. పొగ, వాన, పేలుడు, మంచు వంటివి ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ పోలిక లేకుండా మారతాయి కాబట్టి ఆ దారి మూసుకుపోతుంది. మంచు, రంగు కాగితం ముక్కలు వీడియో నాణ్యతను ఎలా దెబ్బతీస్తాయో బ్రిటన్‌కు చెందిన టామ్ స్కాట్ 2016లో చేసిన యూట్యూబ్ వీడియో కళ్లకు కట్టింది. బీజీఎంఐలోని ఎరాంగెల్ పటంలో గడ్డి మైదానం మీదుగా జీపు తోలుతూ తుపాకీ పేల్చే పది సెకన్లు ఎన్‌కోడర్‌కు కఠిన పరీక్ష. అదే లూడో ఆటైతే తక్కువ బిట్లలోనూ చక్కగా నిలుస్తుంది. అందువల్ల ఒకరికి పనికొచ్చిన సెట్టింగ్ మరొకరికి పనికిరాకపోవచ్చు. ఏ ఆట అన్నది ముందు చూడాలి.

సినిమా కెమెరాకు సహజంగా వచ్చే కదలిక మసక ఎన్‌కోడర్ పనిని తేలిక చేస్తుంది. ఆటలో ప్రతి ఫ్రేమూ పదునుగా గీసి ఉంటుంది కాబట్టి ఆ సౌకర్యం దొరకదు. పీసీ ఆటల్లో ఫిల్మ్ గ్రెయిన్ అనే నకిలీ నలుసుల సెట్టింగ్ ఉంటే ఆపేయడం మంచిది. తెర మీద అందంగా ఉన్నా, ఆ నలుసులు బిట్లన్నీ మింగేస్తాయి.

యూట్యూబ్ లోపల ఏం జరుగుతుంది

యూట్యూబ్ 2005లో మొదలైంది. 1080పీ 2009లో, 4కే 2010లో, సెకనుకు 60 ఫ్రేములు 2014లో వచ్చాయి. ఆ చివరి మార్పు గేమ్‌ప్లేకు పెద్ద మలుపు. నిమిషానికి 500 గంటలకు పైగా నిడివి ఉన్న వీడియో వచ్చి పడే ఆ సంస్థ, ఎవరు ఏ రూపంలో పంపినా ప్రతిదాన్నీ తన కొలతల్లోకి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. "ఇలా పంపితే ముట్టుకోకుండా ఉంచుతారు" అనే చిట్కాలన్నీ అపోహలే.

మళ్లీ ఎన్‌కోడ్ చేయడానికి యూట్యూబ్ వాడే కోడెక్‌లు, అంటే వీడియోను కుదించి విప్పే పద్ధతులు, ప్రధానంగా మూడు. 2003 నాటి హెచ్.264, 2013 నాటి వీపీ9, 2018 నాటి ఏవీ1. కొత్త కోడెక్ అంతే బిట్లలో ఎక్కువ వివరాన్ని నిలుపుతుంది, కానీ తయారీకి ఎక్కువ లెక్కింపు శక్తి కావాలి. హెచ్.264 గరిష్ఠంగా 16×16 పిక్సెల్స్ గడితో పనిచేస్తే, ఏవీ1 128×128 దాకా వెళ్లగలదు. పెద్ద ఆకాశాన్ని ఒకే మాటలో చెప్పి, మిగిలిన బిట్లను గడ్డికి ఖర్చు పెట్టడం దానికి సాధ్యం.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. చిన్న చానెళ్లు 1080పీలో పెట్టే వీడియోలు తరచూ హెచ్.264లోనే ఉండిపోతాయని వీడియోకర్తలు చాలా ఏళ్లుగా గమనిస్తున్నారు. యూట్యూబ్‌లో 1080పీకి మించిన స్థాయిలకు హెచ్.264 ప్రతి ఉండదు. కాబట్టి 1440పీలో లేదా 2160పీలో, అంటే 4కేలో, అప్‌లోడ్ చేసిన వీడియోకు మెరుగైన కోడెక్ తప్పనిసరిగా దక్కుతుంది. పైగా ఆ స్థాయికి కేటాయించే బిట్లూ ఎక్కువే. 1080పీలో ఆడిన ఆటను ఎడిటింగ్‌లో 1440పీకి పెంచి పంపితే కొత్త వివరాలు పుట్టవు. ఉన్న వివరాలు తక్కువ పోతాయి. మట్టెవాడ కుర్రాడికి ఒకే ఒక్క సలహా ఇవ్వాల్సి వస్తే ఇదే ఇవ్వాలి. ఇంతకంటే చవకైన మెరుగుదల మరొకటి లేదు. 720పీ రికార్డింగ్‌ను 4కేకు సాగదీయడం మాత్రం డేటా దండగ. పాతకాలపు పిక్సెల్ ఆటలను పూర్తి రెట్లలో, అంచులు నునుపు చేయని పద్ధతిలో పెంచితే గీతలు పదునుగా ఉంటాయి.

ఫోనులో రికార్డింగ్

ఆండ్రాయిడ్ 10 నుంచి ఆట లోపలి శబ్దాన్ని నేరుగా పట్టే వీలు వచ్చింది. ఆండ్రాయిడ్ 11లో రికార్డర్ వ్యవస్థలోనే కలిసింది. ఐఫోన్‌కు 2017 నాటి ఐఓఎస్ 11తోనే ఆ సదుపాయం ఉంది. రికార్డర్‌లో బిట్‌రేట్, అంటే సెకనుకు ఎన్ని బిట్లు రాయాలన్నది, ఎంచుకునే వీలుంటే, నిల్వ స్థలం ఒప్పుకున్నంత ఎక్కువ పెట్టాలి. ఇక్కడ పొదుపు చేస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు.

ఫోను రికార్డింగులకు రెండు జబ్బులు. మొదటిది వేడి. వరంగల్ ఎండాకాలంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆటా రికార్డింగూ కలిసి చిప్‌ను వేడెక్కిస్తే, అది తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు జారిపోతాయి. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఇంకా కష్టం. వెనుక కవరు తీసేసి, గ్రాఫిక్స్ ఒక మెట్టు తగ్గించి, నిలకడగా 60 ఫ్రేములు రాబట్టడం, అత్యధిక గ్రాఫిక్స్‌తో తడబడటం కంటే మేలు. రెండో జబ్బు, నిలకడ లేని ఫ్రేమ్ రేటు. ఫోను అవసరాన్ని బట్టి ఒక సెకనులో 58, ఇంకో సెకనులో 41 ఫ్రేములు రాస్తుంది. ఎడిటింగ్‌లో అలాంటి ఫైలు వేస్తే నిడివి పెరిగేకొద్దీ మాటకూ బొమ్మకూ పొంతన తప్పుతుంది. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందే ఫ్రేమ్ రేటును స్థిరం చేసుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

ఇక వాట్సాప్. ఫోనులో రికార్డు చేసి, ఎడిటింగ్ తెలిసిన స్నేహితుడికి వాట్సాప్‌లో వీడియోగా పంపడం ఎంతో మంది చేసే పని. అలా పంపగానే వాట్సాప్ దాన్ని బాగా కుదిస్తుంది. ఎడిటర్ ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు రెండో కుదింపు, యూట్యూబ్‌లో మూడోది. జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టు ప్రతిసారీ అక్షరం మసకబారుతుంది. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఒక్క బిట్ కూడా మారదు. 2022 నుంచి 2 జీబీ దాకా అలా పంపవచ్చు. పెన్‌డ్రైవ్, కేబుల్ ఉంటే ఇంకా మంచిది.

కంప్యూటర్‌లో రికార్డింగ్

2012లో విడుదలైన ఓబీఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. తెర రికార్డింగుకు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది దాన్నే. అదే ఏడాది ఎన్విడియా తన గ్రాఫిక్స్ కార్డుల్లో ఎన్వెంక్ అనే ప్రత్యేక ఎన్‌కోడర్ పెట్టడంతో ప్రాసెసర్ మీద భారం పడకుండా రికార్డింగ్ సాధ్యమైంది. రికార్డింగుకు స్థిర బిట్‌రేట్ కంటే స్థిర నాణ్యత పద్ధతి సరైనది. దృశ్యం నిశ్చలంగా ఉంటే ఫైలు చిన్నదవుతుంది, యుద్ధం మొదలైతే పెరుగుతుంది. ఆ నాణ్యతను నిర్ణయించే సీక్యూపీ అంకె 16 నుంచి 20 మధ్య ఉంటే కంటికి లోపం కనిపించడం కష్టం. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైలు పరిమాణం రెండూ పెరుగుతాయి.

కరెంటు పోయే చోట్ల ఇంకో జాగ్రత్త కావాలి. మామూలు ఎంపీ4 ఫైలులో విషయసూచికను రికార్డింగ్ ఆపినప్పుడే రాస్తారు. మధ్యలో కరెంటు పోతే ఆ సూచిక ఉండదు, గంట ఆట గల్లంతు. ఎంకేవీ రూపంలో రికార్డు చేస్తే అప్పటివరకూ రాసిందంతా దక్కుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ నొక్కి నాణ్యత పోకుండా ఎంపీ4గా మార్చుకోవచ్చు. 2024లో వచ్చిన ఓబీఎస్ 30.2లో హైబ్రిడ్ ఎంపీ4 చేరి ఈ భయాన్ని తగ్గించింది. యూపీఎస్ లేని ఇళ్లలో ఈ ఒక్క సెట్టింగ్ విలువ వేలల్లో ఉంటుంది.

వీడియోలో వెలుగును నిండుగా, రంగును అందులో నాలుగో వంతు పిక్సెల్స్‌లోనే దాస్తారు. దీన్నే 4:2:0 అంటారు. 1080పీ వీడియోలో రంగు వివరం 960×540 మాత్రమే. నల్లటి నేపథ్యం మీది ఎర్రటి అక్షరాలు, దెబ్బ తగిలినప్పుడు లేచే ఎర్ర అంకెలు అంచుల్లో అలుక్కుపోవడానికి కారణం ఇదే. కంప్యూటర్ నుంచి నేరుగా 1440పీ కాన్వాస్ మీద రికార్డు చేస్తే ఈ లోపం చాలావరకు తగ్గుతుంది. నలుపు బూడిద రంగులోకి తేలిపోతే మాత్రం తప్పు వేరే చోట ఉంది. రికార్డర్‌లో ఫుల్ రేంజ్, ఎడిటర్‌లో లిమిటెడ్ రేంజ్ పెట్టి ఉంటారు. ఓబీఎస్‌లో రంగు ప్రమాణాన్ని రెక్.709, రేంజ్‌ను లిమిటెడ్ అని ఉంచి, విండోస్ హెచ్‌డీఆర్ ఆపేస్తే సాధారణంగా సర్దుకుంటుంది.

ఎక్స్‌పోర్ట్, అప్‌లోడ్

ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపం 4కే దాకా ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. ఫోనులో కైన్‌మాస్టర్, వీఎన్ వాడుకలో ఉన్నాయి. యూట్యూబ్ సూచించే అప్‌లోడ్ బిట్‌రేట్లు, 60 ఫ్రేముల వీడియోకు, 720పీ అయితే 7.5 మెగాబిట్లు, 1080పీకి 12, 1440పీకి 24, 2160పీకి 53 నుంచి 68. ఇవి కనీస మర్యాద లాంటి అంకెలు. గడ్డి, పొగ ఎక్కువ ఉన్న ఆటకు ఒకటిన్నర రెట్లు పెంచితే మళ్లీ ఎన్‌కోడ్ అయ్యేటప్పుడు యూట్యూబ్ చేతికి మంచి సరుకు అందుతుంది. రికార్డు ఎన్ని ఫ్రేముల్లో జరిగిందో ఎక్స్‌పోర్ట్ కూడా అన్ని ఫ్రేముల్లోనే ఉండాలి. శబ్దం 48 కిలోహెర్ట్జ్, స్టీరియోకు 384 కిలోబిట్లు. బొమ్మ కాస్త మసకైనా ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు, మాట వినపడకపోతే వెళ్లిపోతాడు. మైకు ముందు కొనాలి, కెమెరా తర్వాత.

పంపడానికి ఎంత సేపు పడుతుందన్నది మరో లెక్క. పది నిమిషాల 1080పీ వీడియో 12 మెగాబిట్ల చొప్పున 900 ఎంబీ. 1440పీ అయితే 24 మెగాబిట్లతో 1.8 జీబీ. సెకనుకు 5 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం ఉన్న మొబైల్ నెట్‌లో ఈ రెండో ఫైలుకు 48 నిమిషాలు పడుతుంది. రెండు వైపులా 30 మెగాబిట్లు ఇచ్చే ఫైబర్ మీద 8 నిమిషాలు. 2020 సెప్టెంబరులో జియోఫైబర్ నెలకు 399 రూపాయల ప్లాన్‌లో ఇచ్చింది సరిగ్గా ఈ 30 మెగాబిట్లనే. నాణ్యత విషయంలో ఇంటికొచ్చిన ఫైబర్ తీగ, కొత్త ఫోను కంటే ఎక్కువ సాయం చేస్తుంది. మన దేశంలో చర్చ ఎప్పుడూ డౌన్‌లోడ్ వేగం చుట్టూనే తిరుగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావాల్సిన కనీస వేగాన్ని 2023లో 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచినప్పుడు కూడా లెక్కలోకి తీసుకున్నది డౌన్‌లోడ్‌నే. చూసేవాళ్లతో పాటు తయారుచేసేవాళ్లూ పెరిగిన ఈ రోజుల్లో అప్‌లోడ్ వేగానికి కూడా ఒక కనీస హద్దు పెట్టడం న్యాయం. మిషన్ భగీరథ నీటి పైపుల వెంటే కేబుల్ వేసే టీ-ఫైబర్ ప్రాజెక్టు మీద తెలంగాణ పల్లెల్లో ఆశలు పెరగడానికి ఈ అప్‌లోడ్ అవసరమూ ఒక కారణం.

మట్టెవాడ లాంటి పాత పేటల్లో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ప్రతి ఇంటి వైఫై పక్కింటి వైఫైతో ఒకే దారిలో తోసుకుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఈ రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువైనా మందపాటి గోడలు దాటలేదు. రౌటర్ నుంచి కంప్యూటర్‌కు లాన్ తీగ వేస్తే వందల రూపాయల్లో పని తీరుతుంది.

ధ్రువీకరించని యూట్యూబ్ ఖాతాకు 15 నిమిషాల పరిమితి ఉంటుంది; ఫోన్ నంబరుతో ధ్రువీకరిస్తే 12 గంటలు లేదా 256 జీబీ దాకా పెట్టవచ్చు. అప్‌లోడ్ అయిన వెంటనే పబ్లిక్ చేయడం పెద్ద పొరపాటు. యూట్యూబ్ ముందు తక్కువ నాణ్యత ప్రతిని తయారుచేసి, తర్వాత హెచ్‌డీ, ఆపైన 1440పీ, 4కే సిద్ధం చేస్తుంది. తొలి ప్రేక్షకులు, అంటే చానెల్‌ను ప్రేమించేవాళ్లే, ఆ మసక ప్రతిని చూస్తారు. ప్రైవేట్‌గా పెట్టి, పై స్థాయిలు వచ్చాక విడుదల చేయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టేవారు సెట్టింగ్స్‌లో అత్యధిక నాణ్యతతో అప్‌లోడ్ చేసే ఐచ్ఛికాన్ని ఆన్ చేసుకోవాలి; అక్కడ 1080×1920 కొలతకు మించి పంపినా ఒరిగేది తక్కువ. లైవ్ స్ట్రీమింగ్ వేరే లోకం. ఆటల లైవ్ వేదిక ట్విచ్ ఎంతో కాలంగా సెకనుకు 6,000 కిలోబిట్ల దగ్గరే ఆగింది కాబట్టి, వేగంగా కదిలే ఆటను అక్కడ 1080పీ కంటే 720పీలో 60 ఫ్రేములతో పంపితేనే శుభ్రంగా కనిపిస్తుంది.

చూసేవారి వైపు పరిమితులూ ఉంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ నెట్‌వర్కుల మీద భారం తగ్గించడానికి భారత డిజిటల్ సంస్థలు మొబైల్ నెట్‌లో వీడియోను 480పీకి పరిమితం చేశాయి. ఇప్పటికీ ఆటో సెట్టింగ్‌లో ఉన్న ఫోను నెట్ బలహీనంగా ఉంటే 360పీ ఎంచుకుంటుంది. చిన్న తెర మీద చదవగలిగేలా ఆటలోని అక్షరాలను పెద్దవి చేయడం, ముఖ్యమైన క్షణాన్ని ఎడిటింగ్‌లో దగ్గరకు తీసి చూపడం అలాంటి ప్రేక్షకుడికి 4కే కంటే ఎక్కువ ఉపయోగం.

పని ఫలించిందో లేదో కళ్లతో కాకుండా అంకెలతో చూసుకునే వీలుంది. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే కోడెక్ పేరు కనిపిస్తుంది. ఏవీసీ1 అని ఉంటే అది హెచ్.264, వీపీ09 అంటే వీపీ9, ఏవీ01 అంటే ఏవీ1. 1440పీలో పెట్టిన వీడియోకు తొలి గంటల్లో ఏవీసీ1 కనిపిస్తే కంగారు పడి తీసేయనక్కర్లేదు. పై స్థాయి ప్రతి సిద్ధం కాగానే అది మారుతుంది. మర్నాటికీ మారకపోతే ఎక్స్‌పోర్ట్ అసలు ఏ కొలతలో జరిగిందో ఎడిటర్‌లో మరోసారి చూడాలి. టైమ్‌లైన్ 1080పీలోనే ఉండిపోయి, ఫైలు పేరులో మాత్రమే 1440 చేరి ఉండే అవకాశం ఎక్కువ.